జూలై 20 ఎవరిది? జర్మన్ పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

బుండెస్టాగ్ గౌరవనీయ సభ్యులకు,

ఏటా జూలై 20వ తేదీన బెర్లిన్‌లోని బెండ్లర్‌బ్లాక్ ప్రాంగణంలోనూ, ప్లోట్సెన్‌జే చెరసాలలో ఉరికొక్కేలు ఇప్పటికీ మిగిలి ఉన్న గదిలోనూ జర్మన్ గణతంత్రం పూలదండలు ఉంచి స్మరించుకునేది 1944లో తమ దేశాధినేత హిట్లర్‌ను చంపబోయి విఫలులైన మనుషులను. రాజ్యాంగంలోని 102వ అధికరణంతో మరణశిక్షను రద్దు చేసుకున్న రాజ్యం, ఎంతటి నేరస్థుడి ప్రాణాన్నైనా న్యాయస్థానం సైతం తీయరాదని తీర్మానించుకున్న రాజ్యం, విచారణ లేకుండా ఒక మనిషిని పేల్చివేయబోయిన ప్రయత్నాన్ని తన నైతిక పునాదుల్లో ఒకటిగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు. అంతటితో ఆగకుండా 1968లో, అత్యవసర పరిస్థితి చట్టాలను ఆమోదించిన సందర్భంలోనే, 20వ అధికరణానికి నాలుగో ఉపనిబంధనను చేర్చి, రాజ్యాంగ వ్యవస్థను కూలదోయబూనే ఎవరినైనా, మరే మార్గమూ లేనప్పుడు, ప్రతిఘటించే హక్కు జర్మన్లందరికీ ఉందని మీ సభ రాసిపెట్టింది. ఆ ప్రతిఘటన ఎంతదూరం వెళ్లవచ్చునో ఆ వాక్యం చెప్పదు. ప్రజలను పీడించే పాలకుణ్ని చంపడం ఎప్పుడైనా ధర్మమవుతుందా అనే ప్రశ్నకు, అవునని దాదాపు అధికారికంగా జవాబిచ్చిన కొద్ది దేశాల్లో జర్మనీ ఒకటి గనుకా, ఆ జవాబును ఇతరులు తమ అవసరాలకు అరువు తెచ్చుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది గనుకా, దాని హద్దులేమిటో మీ సభే చెప్పాలని కోరుతూ ఈ లేఖ తెలుగు పాఠకుల సమక్షంలో మీ ముందుకు వస్తోంది.

సొంత లాభం కోసమో పగతోనో కాక, ప్రజలను పీడన నుంచి విడిపించే ఉద్దేశంతో పాలకుణ్ని చంపడాన్ని నిరంకుశ వధ అనవచ్చు. 14వ శతాబ్దపు ఇటలీ న్యాయవేత్త బార్టోలస్ నిరంకుశులను రెండు తెగలుగా విడదీశాడు: అర్హత లేకుండా అధికారాన్ని ఆక్రమించినవాడు ఒకడు, సక్రమంగా అధికారానికి వచ్చి దాన్ని అక్రమంగా నడిపేవాడు మరొకడు. మొదటివాడు దొంగ కాబట్టి వాడి విషయంలో పండితులకు పెద్ద తడబాటు కలగలేదు, చిక్కంతా రెండోవాడితోనే. హిట్లర్ ఈ రెండో తెగకు చెందినవాడు. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బుర్గ్ చేతుల మీదుగా చాన్సలర్ అయ్యాడు, మార్చి 23న పార్లమెంటు ఓటుతోనే శాసనాధికారాన్ని తన ప్రభుత్వానికి రాయించుకున్నాడు. ఆనాడు ఆ చట్టానికి వ్యతిరేకంగా నిలిచినవి 94 మంది సోషల్ డెమోక్రాట్ల ఓట్లేనని మీ సభకు వేరే చెప్పనక్కర్లేదు. ఇటువంటి పాలకుణ్ని ఎవరు చంపవచ్చు? 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, ఒంటరి మనిషి తన సొంత నిర్ణయంతో ఆ పనికి పూనుకోరాదనీ, సమాజం తరఫున మాట్లాడగల అధికారం ఏదో ఉండాలనీ వాదించాడు. ప్రజల్లో ఎవరైనా నిరంకుశుణ్ని చంపవచ్చుననే సిద్ధాంతాన్ని 1415లో కాన్‌స్టన్స్ క్రైస్తవ మహాసభ ఖండించింది. 1599లో స్పెయిన్ జెసూట్ పండితుడు హువాన్ డి మరియానా ఆ తలుపును మళ్లీ కొంత తెరిచాడు. 1610లో రావయ్యాక్ అనేవాడు ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీని పొడిచి చంపినప్పుడు పారిస్ న్యాయసభ మరియానా పుస్తకాన్ని తగలబెట్టించింది. ఆ హెన్రీ 1598లో నాంట్ శాసనంతో ప్రొటెస్టంట్లకు మత సహనాన్ని ప్రసాదించిన రాజు. సిద్ధాంతాన్ని పండితుడు ఎంత జాగ్రత్తగా రాసినా, నిరంకుశుడెవరో చివరికి నిర్ణయించేది కత్తి పట్టినవాడే అన్న భయం అప్పటి నుంచి ఈ చర్చను వదలలేదు, వదలవలసిన అవసరమూ లేదు.

భారతీయ సంప్రదాయానికీ ఈ ప్రశ్న కొత్తది కాదు. ప్రజలను కాపాడకుండా వారి సొత్తు దోచుకునే రాజును ప్రజలే సన్నద్ధులై చంపవలసి ఉంటుందని సంస్కృత మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడి నోట వినిపిస్తుంది. తెలుగువారు పోతన భాగవతం నాలుగో స్కంధంలో చదువుకునే వేనుడి కథ అంతకంటే లోతుగా వెళుతుంది. కొడుకు దుర్మార్గాన్ని భరించలేక అంగరాజు ఇల్లు విడిచి వెళ్లిపోతే, రాజులేని దేశం దొంగల పాలవుతుందని భయపడి మునులే వేనుడికి పట్టం కడతారు. వాడు యజ్ఞదానాలను నిషేధించి తననే కొలవమని శాసించినప్పుడు మొదట నచ్చజెబుతారు, వినకపోతే హుంకారాలతో చంపుతారు. కథ అక్కడితో ముగియదు. దోపిడీలకు బయల్దేరిన దొంగల పరుగులకు దేశమంతా దుమ్ము రేగుతుంది, చచ్చినవాడి దేహాన్నే మథించి బాహువుల నుంచి కొత్త రాజు పృథువును పుట్టించేదాకా మునుల పని తీరదు. వారి కోపానికి ఆఖరి కారణం ప్రజల బాధ కాక విష్ణునింద కావడం ఈ కథలోని బలహీనతే. నిరంకుశ వధ చరిత్రలో మతపెద్దల ఆగ్రహానికీ జనం ఆక్రందనకూ మధ్య గీత చాలాసార్లు చెరిగిపోయింది. అయినా ఈ కథ రెండు విషయాలను స్పష్టంగా పట్టుకుంది: చంపినవారు తరవాతి అరాజకానికి పూచీ వహించాలి, సింహాసనం మీద కూర్చోబెట్టినవారికి దించవలసిన బాధ్యత అందరికంటే ముందుగా ఉంటుంది.

1944 జూలై 20 కుట్రలో పాల్గొన్నవారిలో చాలామంది సరిగ్గా ఆ మునుల స్థితిలో ఉన్నవారే. వారు సైనికాధికారులు, కులీన వంశీకులు, దౌత్యవేత్తలు, ఉన్నతోద్యోగులు. అంటే 1933లో హిట్లర్‌ను ఆహ్వానించిన, లేదా కనీసం అడ్డుకోని వర్గానికి చెందినవారు. ఆనాడు బాంబు ఉంచిన కర్నల్ క్లౌస్ ఫాన్ స్టౌఫెన్‌బెర్గ్ సైతం తొలినాళ్లలో ఆ పాలనను వ్యతిరేకించినవాడు కాదు. 1941లో తూర్పు రంగంలో వేలాది యూదులను కాల్చి చంపిన ఐన్‌జాట్స్‌గ్రుప్పె-బి అనే హంతక దళానికి నాయకత్వం వహించిన ఆర్టుర్ నేబె కూడా ఈ కుట్రతో చేతులు కలిపాడు. ఇటువంటి వివరాలను వెలికితీసి ఆ రోజు గౌరవాన్ని తగ్గించాలని చూసేవారున్నారు. ఈ లేఖ దృష్టిలో మాత్రం అవి గౌరవానికి అడ్డు కావు, దాని అర్థాన్ని మార్చే వివరాలు. ఆ చేతులు శుభ్రమైనవి కావు. శుభ్రమైన చేతులున్నవారికి హిట్లర్ గదిలోకి ప్రవేశమే లేదు. నియంతను చేరగలిగేది నియంత యంత్రాంగంలో భాగమైనవారే కావడం నిరంకుశ వధను వెంటాడే మొదటి ఇబ్బంది, దాన్ని దాచిపెట్టే స్మారకోత్సవం అబద్ధమవుతుంది.

ఆనాటి సంగతులు మీకు తెలిసినవే అయినా తెలుగు పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో గాయపడి ఒక కన్ను, కుడి చెయ్యి, ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్న స్టౌఫెన్‌బెర్గ్, తూర్పు ప్రష్యాలో రాస్టెన్‌బుర్గ్ సమీపాన ఉన్న 'తోడేలు గుహ' అనే ప్రధాన సైనిక స్థావరంలో బాంబు ఉన్న సంచిని సమావేశపు బల్ల కింద ఉంచి బయటికి వచ్చాడు. తెచ్చిన రెండు పేలుడు పొట్లాల్లో సమయం చాలక ఒకదాన్నే సిద్ధం చేయగలిగాడు. బల్లకు ఆధారంగా ఉన్న మందపాటి దుంగ చాటున పడడంతో హిట్లర్ స్వల్ప గాయాలతో బతికాడు. హిట్లర్ మరణం కుట్రలో సగం మాత్రమే. అంతర్గత అల్లర్లను అణచడానికి ప్రభుత్వమే సిద్ధం చేసుకున్న 'వాల్కీర్' అనే రిజర్వు సైన్యం పథకాన్ని తిప్పి ప్రయోగించి బెర్లిన్‌ను స్వాధీనం చేసుకోవాలనీ, జనరల్ లుడ్విగ్ బెక్‌ను దేశాధినేతగా, లైప్‌ట్సిగ్ మాజీ మేయర్ కార్ల్ గెర్డెలర్‌ను చాన్సలర్‌గా నిలిపి ముందుగా న్యాయపాలనను పునరుద్ధరించాలనీ వారు ఆలోచించుకున్నారు. పృథువును పుట్టించవలసిన పనిని వారు మరిచిపోలేదు. ఆ రాత్రే స్టౌఫెన్‌బెర్గ్‌ను, మరి ముగ్గురిని బెండ్లర్‌బ్లాక్ ప్రాంగణంలో కాల్చి చంపారు. తరవాతి నెలల్లో రోలాండ్ ఫ్రైస్లర్ అధ్యక్షత వహించిన 'ప్రజా న్యాయస్థానం' అనేకులను ఉరికంబానికి పంపింది, కుట్రదారుల భార్యలను నిర్బంధించి, పిల్లలను వేరే పేర్లతో బాడ్ జాక్సా అనే ఊళ్లో ఉంచారు. యుద్ధం ఆ తరవాతి పది నెలల్లో పొట్టన పెట్టుకున్న జర్మన్ సైనికుల సంఖ్య అంతకుముందు దాదాపు ఐదేళ్లలో చనిపోయినవారి సంఖ్యకు ఇంచుమించు సమానం కాబట్టి, ఆ బల్ల దుంగ విలువెంతో ఊహించుకోవచ్చు.

అయితే ఫలితాన్ని బట్టి కర్మను తూచేవారికి ఆ కుట్రదారుల అంతర్మథనం అర్థం కాదు. 1934 ఆగస్టు నుంచి జర్మన్ సైనికులు ప్రమాణం చేసింది దేశానికి కాదు, రాజ్యాంగానికి కాదు, హిట్లర్ అనే వ్యక్తికి. దేవుడి పేరు మీద చేసిన ఆ ప్రమాణాన్ని తప్పడం ఆ సంప్రదాయంలో పెరిగిన అధికారులకు మాటవరస విషయం కాదు. నాజీ వ్యతిరేకుల క్రైసావ్ బృందానికి పెద్దదిక్కుగా ఉన్న హెల్ముట్ జేమ్స్ ఫాన్ మోల్ట్కె, హత్యతో మొదలైన కొత్త వ్యవస్థ ఆ మచ్చను మోస్తూనే ఉంటుందని భావించి చంపడాన్ని వ్యతిరేకించాడు. అయినా నాజీ న్యాయస్థానం ఆ తేడాను పట్టించుకోక 1945 జనవరిలో అతణ్నీ ఉరితీసింది. సైనికాధికారి హెన్నింగ్ ఫాన్ ట్రెస్కో 1943 మార్చిలో స్మోలెన్‌స్క్ నుంచి హిట్లర్ ఎక్కిన విమానంలో మద్యం సీసాల పార్శిల్ రూపంలో బాంబు పంపించాడు, అది పేలలేదు. 1944 నాటికి అతని ఉద్దేశంలో విజయావకాశం రెండో మాట, ఎవరో ఒకరు ప్రాణాలొడ్డి ప్రయత్నించారని ప్రపంచానికి తెలియడం మొదటి మాట. లూథరన్ మతాచార్యుడు డీట్రిష్ బోన్‌హోఫర్ 1934లో గాంధీజీ ఆశ్రమంలో ఉండి అహింసా ప్రతిఘటనను నేర్చుకోవాలని ఆశించి, ఆయన నుంచి ఆహ్వాన లేఖ కూడా అందుకున్నాడు. ఆ ప్రయాణం జరగలేదు, పదేళ్లు తిరగకుండానే అతను నియంతను చంపదలచినవారి సరసన నిలిచాడు. ఆ పని పాపం కాదని అతను ఎన్నడూ అనలేదు. పాపమేనని, ఆ పాపాన్ని మోయడానికి సిద్ధపడటమే బాధ్యత అని, చేతులు మైలపడకుండా పక్కకు తొలగడం అంతకంటే పెద్ద పాపమని అతని నీతిశాస్త్ర రచనల సారం. ఈ లేఖ వైఖరి అతని వైఖరికి దగ్గరగానే ఉంది: నిరంకుశ వధకు ముందస్తు అనుమతి ఉండదు, ఉండకూడదు, చేసినవాడు తప్పును తనదిగా ఒప్పుకుని తీర్పుకు తలవంచినప్పుడు, తరవాతివారు దాన్ని క్షమించి గౌరవించే సందర్భాలు మాత్రం ఉంటాయి.

ఆ గౌరవం కూడా తేలికగా దక్కలేదు. జూలై 20న బెర్లిన్ కాపలా దళానికి అధిపతిగా కుట్రను అణచివేయడంలో తోడ్పడిన ఓటో ఎర్న్‌స్ట్ రేమర్, యుద్ధం తరవాత నయా నాజీ పార్టీ నాయకుడై, ఆ కుట్రదారులు దేశద్రోహులని సభల్లో ప్రచారం చేశాడు. అప్పటి జర్మన్ సమాజంలో ఆ మాటను నమ్మినవారు తక్కువేమీ కాదు. 1952 మార్చిలో బ్రౌన్‌ష్వైగ్ న్యాయస్థానంలో అతని మీద నడిచిన విచారణ ఈ విషయంలో ఏ తత్వగ్రంథానికీ తీసిపోదు. 1933లో నాజీ నిర్బంధాన్ని చవిచూసి, ప్రవాసంలో గడిపి వచ్చిన యూదు న్యాయవాది ఫ్రిట్స్ బావర్ ప్రాసిక్యూటర్‌గా మతశాస్త్రజ్ఞులనూ చరిత్రకారులనూ సాక్షులుగా పిలిచి, నాజీ రాజ్యం చట్టబద్ధ రాజ్యం కాదని, రోజూ వేల హత్యలు చేసే అధర్మ రాజ్యానికి ద్రోహం చేయడమనేదే సాధ్యం కాదని, ఆ హత్యలను ఆపడానికి ఎవరైనా పూనుకోవచ్చునని వాదించాడు. న్యాయస్థానం నాజీ రాజ్యాన్ని అధర్మ రాజ్యంగా గుర్తించి, కుట్రదారుల పరువుకు భంగం కలిగించినందుకు రేమర్‌కు మూడు నెలల జైలుశిక్ష విధించింది. బావర్ వాదనలో ఒక కీలకాన్ని ఇప్పటికీ చాలామంది గమనించరు: నిరంకుశుడు చెడ్డవాడు కావడం అతనికి చాలలేదు, హత్యలు ఆ క్షణాన జరుగుతూ ఉండడం కావలసి వచ్చింది. ఆత్మరక్షణ వాదం పనిచేసేది ప్రమాదం ఎదుట ఉన్నప్పుడే. అధికారం పోయిన వృద్ధ నియంతను తరవాత వెతికి చంపడానికి ఈ వాదం చెల్లదు. జలియన్‌వాలాబాగ్ కాలంలో పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న మైకేల్ ఓడ్వయర్‌ను 1940లో లండన్‌లో కాల్చి చంపిన ఉధమ్ సింగ్ పట్ల భారతీయుల ఆరాధన ఎంతటిదైనా, అది 21 ఏళ్ల తరవాత తీర్చుకున్న పగ. అప్పట్లో గాంధీజీ దాన్ని ఖండించడానికి వెనుదీయలేదు. ప్రతీకారానికి వేరే తక్కెడ కావాలి.

ఇక్కడే వడ్రంగి గేయోర్గ్ ఎల్సర్ ప్రసక్తి తప్పదు. కోనిగ్స్‌బ్రోన్ గ్రామానికి చెందిన ఈ కార్మికుడికి పార్టీ అండ లేదు, సైన్యం అండ లేదు, కుట్రదారుల బృందమూ లేదు. కార్మికుల బతుకు దిగజారడాన్నీ, 1938 మ్యూనిక్ ఒప్పందం తరవాత కూడా యుద్ధం రాక తప్పదన్న సంగతినీ తనంత తానుగా అర్థం చేసుకుని, మ్యూనిక్‌లోని బుర్గర్‌బ్రౌకెల్లర్ అనే బీరు హాలులో 30కి పైగా రాత్రులు దాక్కుని, వేదిక వెనకనున్న స్తంభాన్ని తొలిచి అందులో గడియారపు బాంబు అమర్చాడు. 1939 నవంబర్ 8 రాత్రి 9 గంటల 20 నిమిషాలకు అది అనుకున్నట్టే పేలింది. పొగమంచు వల్ల విమానం మాని రైలు అందుకోవలసి వచ్చిన హిట్లర్ ప్రసంగాన్ని కుదించుకుని 13 నిమిషాల ముందే వెళ్లిపోయాడు. ఒక పరిచారికతో సహా ఎనిమిది మంది చనిపోయారు, 60 మందికి పైగా గాయపడ్డారు. స్విట్జర్లాండ్ సరిహద్దులో పట్టుబడిన ఎల్సర్‌ను ఏళ్ల తరబడి నిర్బంధించి, 1945 ఏప్రిల్ 9న డాకౌ శిబిరంలో చంపారు. అదే రోజు ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో బోన్‌హోఫర్‌ను ఉరితీశారు. స్టౌఫెన్‌బెర్గ్ పేరు 1955లోనే బెర్లిన్ వీధికి ఎక్కింది. ఎల్సర్ మాత్రం బ్రిటిష్ గూఢచారి అనీ, కాదు నాజీల చేతి మనిషే అనీ వదంతులకు బలై, అతని విచారణ పత్రాలు 1960లలో బయటపడి ఒంటరిగానే పనిచేశాడని తేలేదాకా, ఆ తరవాత కూడా చాలాకాలం, గౌరవానికి నోచుకోలేదు.

1999లో రాజనీతి శాస్త్రజ్ఞుడు లోటర్ ఫ్రిట్సె, ఎల్సర్ బాంబు పెట్టి వెళ్లిపోయి నిరపరాధుల ప్రాణాలను యాదృచ్ఛికతకు వదిలేశాడని, అందువల్ల అతని చర్యను నైతిక ఆదర్శంగా నిలపలేమని వాదించి పెద్ద దుమారం రేపాడు. ఆ వాదనను అపచారంగా చూసి తోసిపుచ్చడం పొరపాటు, ఎందుకంటే పక్కనున్నవారి ప్రాణం ఈ చర్చలో అన్నిటికంటే బరువైన అంశం. కానీ అదే ప్రశ్నను కర్నల్‌కు ఎందుకు వేయరు? జూలై 20 బాంబుకు నలుగురు బలయ్యారు. వారిలో ముగ్గురు సైనికాధికారులైతే, నాలుగోవాడు హైన్రిష్ బెర్గర్ అనే స్టెనోగ్రాఫర్, మాటలు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి. స్టౌఫెన్‌బెర్గ్ కూడా బాంబును వదిలి బయటికి వచ్చినవాడే. బెర్లిన్‌లో తిరుగుబాటును నడపడానికి అతను బతకవలసిన అవసరం ఉంది, నిజమే. అయితే ఆ అవసరం బెర్గర్ ప్రాణానికి ధర కట్టలేదు. వడ్రంగిని నిలదీసి కర్నల్‌ను వదిలేయడంలో వర్గ దృష్టి ఉందని అనుమానించక తప్పదు. కాలాన్ని బట్టి చూస్తే వడ్రంగి తీర్పే సూటిది: యుద్ధం మొదలైన పదో వారంలో, జర్మనీ గెలుస్తున్నప్పుడు, తనకు ఒరిగేది ఏమీ లేనప్పుడు అతను చేశాడు. తరవాతి వ్యవస్థకు సన్నాహం లేకపోవడం అతని లోపం; ఒంటరి కార్మికుడి నుంచి పృథువును ఆశించడమూ అన్యాయమే. ఇద్దరి విషయంలోనూ మిగిలేది ఒక్కటే: వారు చంపిన అమాయకుల లెక్కను గౌరవించేవారు కూడా మోయాలి.

ఆ లెక్క ఎంతవరకు పోగలదో చెక్ ప్రజలకు తెలుసు. 1942 మే 27న ప్రేగ్‌లో నాజీ ఉన్నతాధికారి రైన్‌హార్డ్ హైడ్రిష్ మీద దాడి చేసిన యోజెఫ్ గాబ్చిక్, యాన్ కూబిష్ బ్రిటన్‌లో శిక్షణ పొంది, ప్రవాస ప్రభుత్వం పంపగా పారాచూట్‌తో దిగినవారు. దాడికి ముందు స్థానిక ప్రతిఘటన నాయకులు ప్రతీకారం ఎంత ఘోరంగా ఉంటుందో హెచ్చరిస్తూ దాన్ని విరమించుకోవాలని లండన్‌కు వర్తమానం పంపారు. హైడ్రిష్ జూన్ 4న చనిపోయాడు, జూన్ 10న లిడిట్సె గ్రామంలో 173 మంది పురుషులను వరసగా నిలబెట్టి కాల్చి, స్త్రీలను శిబిరాలకు తరలించి, పిల్లల్లో అత్యధికులను విషవాయువుతో చంపి, ఊరిని నేలమట్టం చేశారు. ఆ నేరం పూర్తిగా నాజీలదే. అయినా ధర చెల్లించబోయేవారు వద్దంటున్నా, సముద్రానికి అవతల సురక్షితంగా కూర్చున్నవారు నిర్ణయం తీసుకోవడం మింగుడుపడదు. హైడ్రిష్ యూదు సంహారాన్ని నడిపిన ప్రధాన వ్యక్తుల్లో ఒకడని తెలిసి కూడా మింగుడుపడదు.

ఫలితాల గురించి పరిశోధకులు లెక్కలు వేయకపోలేదు. ఆర్థికవేత్తలు బెంజమిన్ జోన్స్, బెంజమిన్ ఓల్కెన్ 1875 నుంచి దేశాధినేతల మీద జరిగిన 298 హత్యాప్రయత్నాలను పరిశీలించి, వాటిలో 59 సందర్భాల్లో నేత మరణించాడనీ, నియంతలు చనిపోయిన చోట, ప్రయత్నం విఫలమైన చోట్లతో పోలిస్తే, ప్రజాస్వామ్యం వైపు మళ్లే అవకాశం 13 శాతం పాయింట్లు ఎక్కువగా ఉందనీ 2009లో ప్రచురించారు. ఆ అంకె నిరంకుశ వధను సమర్థించేవారికి ఎంత ఉత్సాహాన్నిస్తుందో, ఐదింట నాలుగు ప్రయత్నాలు విఫలమయ్యాయన్న అంకె అంత నిరుత్సాహాన్నివ్వాలి. 1881 మార్చిలో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌ను విప్లవకారులు చంపింది, పరిమిత ప్రాతినిధ్యం కల్పించే సంస్కరణ ప్రతిపాదనకు అతను ఆమోదం తెలిపిన రోజునే. తరవాత వచ్చింది మూడో అలెగ్జాండర్ కఠిన పాలన, యూదుల మీద దాడులు. 1961 మే 30న డొమినికన్ నియంత ట్రుహియోను చంపినవారిలో చాలామందిని అతని కొడుకు వేటాడి చంపించాడు, నాలుగేళ్లలో దేశం అంతర్యుద్ధంలో పడింది. గణాంకాలు తరవాతివారికి పనికొస్తాయి. బాంబు పెట్టే ముందు వాటిని చూసి నిర్ణయించగలిగినవారు లేరు.

ఈ లేఖను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. ఒక దేశం మరో దేశపు నాయకుణ్ని చంపి, ఆ పనికి నిరంకుశ వధ అనే గౌరవనీయమైన తొడుగు వేయడం. బ్రిటిష్ రహస్య సంస్థ 1944లో 'ఫాక్స్‌లీ' పేరుతో హిట్లర్ హత్యకు పథకం వేసి, చివరికి అమలు చేయలేదు; సైనిక వ్యూహంలో తప్పులు చేస్తున్న హిట్లర్ బతికి ఉంటేనే మిత్రపక్షాలకు లాభమని వాదించినవారు అందులోనే ఉన్నారు. అంటే ఆ హత్య చేయాలన్నా, మానాలన్నా కొలబద్ద ఒకటే, తమ దేశ ప్రయోజనం. అమెరికా గూఢచారి సంస్థ విదేశీ నేతలపై చేసిన హత్యాపథకాలను 1975లో సెనేట్ చర్చ్ కమిటీ బయటపెట్టాక, 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ రాజకీయ హత్యలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. దేశాధినేతలతో సహా అంతర్జాతీయ రక్షణ గల వ్యక్తులపై దాడులను నేరంగా పరిగణించే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1973లోనే ఆమోదించింది. రెండు దేశాల మధ్య ప్రకటిత యుద్ధంలో శత్రు సేనాధిపతిని గురిపెట్టడం యుద్ధ నియమాల పరిధిలోని వేరే అంశం. శాంతికాలంలోనో, యుద్ధమని ఒప్పుకోని ఘర్షణలోనో దూరం నుంచి క్షిపణి పంపేవాడికి స్టౌఫెన్‌బెర్గ్‌తో పోలిక లేదు, ఎందుకంటే అతని పిల్లల్ని ఎవరూ బాడ్ జాక్సాకు తరలించరు, అతని ఊరు లిడిట్సె కాదు, ఆ నియంతను అతను ఎక్కించలేదు, దించిన తరవాత ఆ దేశంలో అతను బతకడు. నిరంకుశ వధకు ఏదైనా సమర్థన దొరికితే అది ఆ పాలన కింద నలిగే మనుషులకు, వారు చెల్లించే మూల్యంతో ముడిపడి దొరుకుతుంది.

మీ రాజ్యాంగంలోని ప్రతిఘటన హక్కు కూడా ఇదే కారణంగా విచిత్రమైనది: దాన్ని గుర్తించగల న్యాయస్థానం పనిచేస్తున్నంత కాలం దాన్ని వాడే అవసరం రాదు, అవసరం వచ్చేనాటికి దాన్ని గుర్తించే న్యాయస్థానం మిగలదు. కోవిడ్ ఆంక్షలకు వ్యతిరేకంగా వీధికెక్కినవారిలో కొందరు, ఎన్నికలూ కోర్టులూ పత్రికలూ యథావిధిగా నడుస్తుండగానే, ఈ ఉపనిబంధనను తమకు అన్వయించుకున్నారంటే తప్పు వారిది మాత్రమే కాదు. జూలై 20ని ఏటా వీరగాథగా చెప్పి, మరే మార్గమూ లేనప్పుడు అన్న షరతు ఎంత భయంకరమైన పరిస్థితిని సూచిస్తుందో చెప్పకపోవడం కూడా అందుకు దోహదం చేసింది.

కాబట్టి గౌరవనీయ సభ్యులు రాబోయే జూలై 20న స్టౌఫెన్‌బెర్గ్, ట్రెస్కో పేర్లతో పాటు హత్యను వ్యతిరేకించిన మోల్ట్కె వాదనను కూడా అదే వేదిక మీద వినిపించాలని, ఆనాటి పేలుడులో చనిపోయిన స్టెనోగ్రాఫర్ బెర్గర్ పేరు చదవాలని ఈ లేఖ కోరుతోంది. నవంబర్ 8న వడ్రంగి ఎల్సర్‌ను మీ సభలోనే స్మరించి, బీరు హాలులో మరణించిన ఎనిమిది మందిని అతని పక్కనే తలుచుకోవడం అతని గౌరవాన్ని తగ్గించదు. విదేశీ నేతలను చంపే ఏ ప్రభుత్వమైనా, అది జర్మనీకి మిత్రదేశమైనా సరే, జూలై 20 వారసత్వాన్ని తనకు అన్వయించుకుంటే, అది చెల్లదని మీ సభ బహిరంగంగా ప్రకటించగలదా అన్నది ఈ లేఖ అడగదలచిన ఆఖరి ప్రశ్న. మౌనాన్ని కూడా జవాబుగానే స్వీకరించవలసి వస్తుంది.

గౌరవాభివందనాలతో,
ఒక తెలుగు వ్యాసకర్త